ఆటపిండి

ఆటపిండి అనగా మైదా లేదా మరొక ధాన్యపు పిండి, ఉప్పు, నీరు, కొద్దిగా నూనె కలిపి చేసే మెత్తని ముద్ద. పిల్లలు దీనిని నొక్కి, సాగదీసి, దొర్లించి, తుంచి బొమ్మలు చేస్తారు. అంగళ్ళలో చిన్న డబ్బాలలో అమ్మే ప్లే-డో అనే సరుకు పేరు మీదుగా పట్టణాలలో చాలామంది దీనిని కూడా ప్లే డో అనే పిలుస్తున్నారు. ఇంటిలో ఉన్న సరుకులతోనే, అరగంట లోపల, పిల్లల చేతనే చాలా భాగము చేయించదగినది కావుటచే బాలబడులలోను, ఇళ్ళలోను దీనికి ఆదరణ కలదు.

చపాతీ పిండికి, ఆటపిండికి ఉన్న ముఖ్యమైన తేడా ఉప్పు. ముద్దలో నాలుగవ వంతుకు పైగా ఉప్పే ఉంటుంది. ఆ ఉప్పు వలననే ఇది వారాల తరబడి చెడిపోకుండా నిలుస్తుంది. ఆ ఉప్పు వలననే ఇది తినరానిది కూడా అయినది. చూచుటకు తినే పిండివలె ఉండి తినకూడనిది కావుట దీనిలోని ప్రధానమైన చిక్కు. పెద్దవారు దీనిని చేయుటకు ముందే గ్రహించవలసిన విషయము ఇదే.

పూర్వరంగము

పిండితో, మట్టితో బొమ్మలు చేయుట తెలుగువారికి కొత్త కాదు. వినాయక చవితికి ఉండ్రాళ్ళు చుట్టేటప్పుడు, పాలతాలికలు తాల్చేటప్పుడు ఇంటిలోని పిల్లలు కూడా పీట వేసుకొని కూర్చొనుట అలవాటే. వారి తాలికలు లావుగా, వంకరగా వచ్చినా పాలలో పడి ఉడికేవి. చపాతీలు ఒత్తే తల్లి పక్కన చేరిన పిల్లవానికి ఒక చిన్న ముద్ద తుంచి ఇచ్చుట ప్రతి ఇంటిలోను జరిగేదే. చెరువు గట్టున తెచ్చిన బంకమట్టితో వినాయకుని చేయుట, తిరగలి, రోలు, ఎడ్లబండి చేసి ఎండబెట్టుకొనుట పల్లె పిల్లల ఆటలలో భాగము. కర్ణాటక సరిహద్దున ఉన్న కర్నూలు ప్రాంతపు పల్లెలలో జ్యేష్ఠ అమావాస్యనాడు మట్టి ఎద్దులను చేసి పూజించే ఆచారము కలదు.

పాఠశాల విద్యలో ఇటువంటి పనికి స్థానము కల్పించినవారిలో జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ ముఖ్యుడు. 1837లో ఆయన ప్రారంభించిన చిన్నపిల్లల పాఠశాల తరువాత కిండర్ గార్టెన్ అను పేరు పొందినది. ఆయన అనుయాయుల బడులలో మట్టితో ఆకారములు చేయుట పిల్లల నిత్యకృత్యములలో ఒకటి. మట్టి ఎండిపోవుట, బరువుగా ఉండుట బడులలో ఇబ్బంది కలిగించేవి. ఇంగ్లాండులోని బాత్ పట్టణమునకు చెందిన చిత్రకళా ఉపాధ్యాయుడు విలియం హార్బట్ 1897లో ఎండిపోని ముద్దను రూపొందించి దానికి ప్లాస్టిసిన్ అని పేరు పెట్టెను. మన బడి పిల్లలు క్లే అని పిలిచే రంగురంగుల కడ్డీలు ఈ జాతివే. దానిలో సుద్ద, పెట్రోలియం జెల్లీ, కొవ్వు ఆమ్లములు ఉంటాయి, పిండి ఉండదు. కావున ప్లాస్టిసిన్, ఆటపిండి ఒకటి కావు.

ప్లే-డో పుట్టుక

బజారులో దొరికే ఆటపిండి మొదట పిల్లల కొరకు చేసినది కాదు. అమెరికాలోని ఓహాయో రాష్ట్రము, సిన్సినాటి నగరములో కుటోల్ అను సబ్బుల కంపెనీ ఉండేది. ఆ రోజులలో ఇళ్ళను వెచ్చగా ఉంచుటకు బొగ్గు కాల్చేవారు. ఆ మసి గోడలకు అంటించిన కాగితముపై పేరుకొనేది. కాగితమును నీటితో కడుగుట సాధ్యము కాదు కనుక, పిండి ముద్దను గోడపై దొర్లించి మసిని అద్ది తీసేవారు. 1930లలో కుటోల్ కంపెనీ ఈ ముద్దను తయారుచేసి అమ్మసాగెను.

రెండవ ప్రపంచ యుద్ధము తరువాత బొగ్గు స్థానములో చమురు, గ్యాసు, విద్యుత్తు వచ్చెను. నీటితో తుడువదగిన వినైల్ కాగితములు కూడా వచ్చెను. మసి లేనిచోట ముద్దతో పని లేదు. కంపెనీ మూతబడే స్థితికి చేరినది. 1950ల మధ్యకాలములో, కంపెనీ నడుపుతున్న జో మెక్‌వికర్‌కు బంధువైన కే జుఫాల్ అను శిశు పాఠశాల ఉపాధ్యాయిని ఈ గోడ ముద్దను తన బడి పిల్లలకు ఇచ్చి క్రిస్మస్ అలంకారములు చేయించెను. బడులలో వాడే గట్టి మట్టి కంటె ఇది పసివారి వేళ్ళకు సులువుగా లొంగినది. ఆమె మెక్‌వికర్‌ను పిలిచి చూపించెను. ప్లే-డో అను పేరు కూడా ఆమె, ఆమె భర్త సూచించినదే. 1956లో ఈ సరుకు అమ్మకమునకు వచ్చినది. మొదట తెల్లని ముద్ద మాత్రమే ఉండగా తరువాత ఎరుపు, పసుపు, నీలము చేరినవి. తొలి ముద్దతో చేసిన బొమ్మలు ఆరిన తరువాత రంగు వెలిసేవి. 1957లో టియెన్ లియు అను రసాయన శాస్త్రజ్ఞుడు ఉప్పు పాలు తగ్గించి ఆ లోపమును సరిచేసెను. దీనిపై నోవా మెక్‌వికర్, జోసెఫ్ మెక్‌వికర్‌లకు 1965లో అమెరికా పేటెంటు లభించినది. 1991 నుండి ఈ సరుకు హాస్‌బ్రో కంపెనీ చేతిలో ఉన్నది.

ఒక మూలన పడిపోతున్న సరుకుకు కొత్త ప్రాణము పోసినది పిల్లల మధ్య పనిచేసే ఒక ఉపాధ్యాయిని గమనిక. పేటెంటులో మాత్రము ఆమె పేరు లేదు.

కావలసిన పదార్థములు

ఈ దిగువ కొలతలు ఇద్దరు, ముగ్గురు పిల్లలకు సరిపోతాయి. కప్పు అనగా సుమారు 240 మిల్లీలీటర్లు పట్టునది. ఏ గ్లాసు వాడినను అన్నింటికి అదే గ్లాసు వాడినచో నిష్పత్తి చెడదు.

మైదా – 1 కప్పు
మెత్తని ఉప్పు – అర కప్పు
నీరు – 1 కప్పు
వంట నూనె – 1 పెద్ద చెంచా
నిమ్మరసము – 2 పెద్ద చెంచాలు
రంగు – తగినంత

పాశ్చాత్య దేశముల వంటకాలలో నిమ్మరసమునకు బదులు క్రీమ్ ఆఫ్ టార్టార్ 2 టీ చెంచాలు వేయమని ఉంటుంది. అది ద్రాక్షసారా తయారీలో పీపాల అడుగున మిగిలే పదార్థము నుండి తీసే టార్టారిక్ ఆమ్లపు లవణము. మన చింతపండు పులుపుకు కారణము కూడా ఈ టార్టారిక్ ఆమ్లమే. మన ఊళ్ళలో క్రీమ్ ఆఫ్ టార్టార్ కొరకు వెతుకుట అనవసరము. నిమ్మరసము గాని, కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు అర టీ చెంచా గాని చాలును. చింతపండు రసము వేసినచో పులుపు వచ్చును గాని ముద్ద గోధుమరంగుకు తిరిగి, వేసిన రంగు కనబడదు.

రాతి ఉప్పు పనికిరాదు. కారణము లెక్క వేసిన తెలియును. అర కప్పు మెత్తని ఉప్పు సుమారు 145 గ్రాములు తూగును. ఒక కప్పు నీటిలో కరిగేది సుమారు 86 గ్రాములే. మిగిలినది కరగకుండా పలుకులుగా పిండిలోనే ఉండిపోవును. పలుకులు ఎంత సన్నగా ఉంటే ముద్ద అంత నునుపుగా ఉండును. రాతి ఉప్పు తప్ప వేరు లేనిచో మిక్సీలో మెత్తగా పొడి చేసుకొనవలెను.

వండే పద్ధతి

మందపాటి అడుగు గల గిన్నెలో గాని, అంటుకోని పెనములో గాని మైదా, ఉప్పు కలుపవలెను. నీరు, నూనె, నిమ్మరసము మరొక పాత్రలో కలిపి, పిండిలో కొద్దికొద్దిగా పోయుచు దోసెపిండివలె ఉండలు లేకుండా కలియబెట్టవలెను. ఒకే రంగు కావలెనన్నచో నీటిలోనే రంగు వేయవచ్చును. ఇక్కడి వరకు పొయ్యితో పని లేదు, కనుక ఇదంతా పిల్లలు చేయదగినదే.

తరువాత గిన్నెను సన్నని మంటపై పెట్టి, పెద్దవారు చెక్క గరిటెతో అడుగంటకుండా తిప్పవలెను. రెండు నిమిషముల వరకు ఏమీ జరుగనట్లే ఉండును. పిదప అడుగున అక్కడక్కడ గడ్డకట్టి, చూచుచుండగనే పిండి అంతయు గరిటె చుట్టు చేరి ఒకే ముద్ద అగును. మొదటిసారి చేయువారు ఈ గడ్డలు చూచి పాడైనదని భయపడుట కలదు. అది పాడగుట కాదు, సరిగా జరుగుచున్నదనుటకు గుర్తు. ముద్ద గిన్నె అంచులను వదలి, పైన తడి మెరుపు పోయి, చిటికెతో పట్టినప్పుడు వేళ్ళకు అంటకున్నచో దింపవలెను. మంటను బట్టి మొత్తము 4 నుండి 6 నిమిషములు పట్టును.

దింపిన ముద్దను పీటపై వేసి ఆరనీయవలెను. పైభాగము చల్లారినను లోపల చాలసేపు వేడి నిలిచి ఉండును. పైన తాకి చూచి పిల్లల చేతికి ఇచ్చినచో, వారు దానిని విరిచినప్పుడు వేళ్ళు కాలును. పెద్దవారు ముందుగా ముద్దను నాలుగు ముక్కలుగా విరిచి, లోపలి భాగము తాకి చూచి ఇవ్వవలెను. గోరువెచ్చగా ఉన్నప్పుడు ఐదు నిమిషములు బాగా మర్దించినచో నునుపు వచ్చును. పిల్లలకు ఇందులో అత్యంత ఇష్టమైన ఘట్టము ఈ వెచ్చని ముద్దను పిసుకుటయే.

వండని పద్ధతి

2 కప్పుల మైదా, 1 కప్పు ఉప్పు, 1 పెద్ద చెంచా నూనె తీసుకొని, దాదాపు 1 కప్పు వేడినీరు కొద్దికొద్దిగా పోయుచు చపాతీ పిండివలె కలుపుట వండని పద్ధతి. పని త్వరగా తీరును గాని ముద్ద కొంత గరుకుగా ఉండి, వారము పది దినములలో చెడును. పిండి సరిగా ఉడకదు కనుక మరొక లోపము కూడా కలదు. పచ్చి పిండి క్రిమిరహితమైనది కాదు. 2016లో అమెరికాలో పచ్చి పిండి ద్వారా ఈ.కోలై అను సూక్ష్మజీవి వలన పలువురు జబ్బుపడగా, పిల్లలకు పచ్చి పిండి ముద్దను ఆటకు ఇవ్వవద్దని అక్కడి ఆహార ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించినది. వీలున్నంతవరకు వండే పద్ధతినే ఎంచుకొనుట మేలు.

లోపములు, సవరణలు

వేళ్ళకు అంటుచున్నచో మరల ఒక నిమిషము వేడిచేయవలెను, లేదా చెంచా మైదా చల్లి పిసుకవలెను. పగుళ్ళు వచ్చుచున్నచో అరచేతులు తడిచేసుకొని మర్దించవలెను. నీరు పైనుండి పోసినచో బంకగా మారును. గరుకుగా ఉన్నచో ఉప్పు లావుగా ఉన్నదని అర్థము. దానిని ఆ దశలో సరిచేయలేము.

పిల్లల పాలు

బొమ్మలు చేయుట కంటె ముద్దను తయారుచేయుటలోనే పిల్లలు నేర్చుకొనేది ఎక్కువ. మూడేళ్ళ పిల్ల కప్పు నిండుగా పిండి తీసి గిన్నెలో వంచగలదు. నాలుగేళ్ళ వయసున అంచు వెంట గీటుగా చేసి సమానముగా కొలువగలరు, అరకప్పులు రెండు పోసినచో ఒక కప్పు నిండునని కంటితో చూడగలరు. ఐదారేళ్ళవారు కొలతల చీటీని బొమ్మలతో గీసి ఇచ్చినచో దానిని అనుసరించి తామే చేయగలరు. పొడిగా ఉన్న పిండి నీటితో జారుగా అగుట, ఆ జారు వేడికి ముద్ద అగుట, ముద్దను మరల జారుగా చేయలేకపోవుట – ఇవన్నియు ప్రశ్నలు పుట్టించును. ముందే జవాబు చెప్పక “ఇప్పుడేమగునో?” అని అడిగి ఆగుట మంచిది.

పిండి ఒలుకును. నేలపై పాత పత్రిక గాని, దుప్పటి గాని పరచుకొని, ఒలుకుట పనిలో భాగమని ముందే అనుకొన్నవారికి చికాకు ఉండదు. పొయ్యి వెలిగించుట, వేడి గిన్నె పట్టుట పెద్దవారి పని. ఈ హద్దు విషయములో సడలింపు ఉండరాదు.

ముద్ద ఏర్పడుటకు కారణములు

గోధుమ పిండిలో గ్లూటెనిన్, గ్లయాడిన్ అను మాంసకృత్తులు కలవు. నీరు చేరి పిసికినప్పుడు ఇవి పెనవేసుకొని గ్లూటెన్ అను సాగే వల అగును. మైదా సాగుటకు ఇదే కారణము. ఇక పిండిపదార్థపు రేణువులు 60 డిగ్రీల సెల్సియస్ దరిదాపులలో నీటిని పీల్చుకొని ఉబ్బి జిగురుగా మారును. గంజి చిక్కబడుట కూడా ఇదే. వండే పద్ధతిలో పిండి హఠాత్తుగా ముద్దకట్టుటకు కారణము ఈ మార్పు. నూనె ముద్దకు నునుపునిచ్చి చేతికి అంటకుండా చూచును.

ఉప్పు పని వేరు. ఊరగాయలో ఏమి చేయునో ఇక్కడ అదే చేయును. నీటిని తనవద్ద పట్టి ఉంచి, బూజుకు, సూక్ష్మజీవులకు అందనీయదు. ఆవకాయ ఏడాది నిలుచుటకు ఉప్పు ఎంత అవసరమో తెలుగు ఇంటివారికి వేరే చెప్పనక్కరలేదు. ఉప్పు తగ్గించి చేసిన ఆటపిండి మూడు నాలుగు దినములలో పులిసి వాసన వచ్చును.

రంగులు

ఆహారపు రంగులు నాలుగైదు చుక్కలు చాలును. పసుపు, బీట్‌రూట్ రసము, పాలకూర రసము వంటివి కూడా వాడవచ్చును గాని ఇవి నాలుగు దినములలో వెలియును. బీట్‌రూట్ రంగు వేడికి చెడును కనుక ముద్ద చల్లారిన తరువాత కలిపి, కొద్దిగా మైదా చేర్చి మర్దించవలెను. హోలీ రంగులు, ముగ్గు రంగులు వేయరాదు. వాటిలో ఏమి కలిసినదో తెలియదు, చేయి ఎటూ నోటికి పోవును.

పసుపు కలిపిన ముద్దతో ఒక వేడుక చేయవచ్చును. నిమ్మరసము ఉన్నంతవరకు అది పచ్చగానే ఉండును. ఆడుకొన్న చేతులను సబ్బుతో కడిగినప్పుడు మాత్రము ఎర్రబడును. పసుపులోని కర్కుమిన్ క్షారము తగిలినప్పుడు ఎరుపెక్కును. పసుపు, సున్నము కలిపి పారాణి చేసుకొనుటలో జరిగేది ఇదే.

ఉప్పు వలన ప్రమాదము

పై కొలతలతో చేసిన ముద్ద ఆవిరి పోగా సుమారు అరకిలో తూగును. దానిలో 145 గ్రాములు ఉప్పు. అనగా చిన్న నిమ్మకాయంత, 30 గ్రాముల ఉండలో 8 గ్రాములకు పైగా ఉప్పు ఉన్నదన్నమాట. పెద్దవారు సైతము దినమునకు 5 గ్రాములకు మించి ఉప్పు తినరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పసివారి మూత్రపిండములు అధిక ఉప్పును త్వరగా బయటకు పంపలేవు. కొద్ది చెంచాల ఉప్పు చిన్నపిల్లల ప్రాణము మీదికి తెచ్చిన సందర్భములు వైద్య గ్రంథములలో నమోదై ఉన్నవి.

“అన్నీ వంటింటి సరుకులే కదా, తిన్నా ఏమీ కాదు” అనుట సామాన్యముగా వినబడే మాట. అది సరి కాదు. ఇంటి ఆటపిండిలో రసాయనములు లేవు అనుట నిజమే గాని, హాని లేదు అనుట నిజము కాదు. అదృష్టవశమున రుచి భరించరానంత ఉప్పగా ఉండుటచే చాలామంది పిల్లలు ఒకసారి నాకి ఉమ్మివేస్తారు. ఒక నాకు, ఒక చిటికె వలన హాని కలుగదు. నోరు కడిగించి నీరు తాగించిన చాలును. ఏదైనా నోట పెట్టుకొను వయసువారికి, సాధారణముగా రెండేళ్ళలోపు వారికి, దీనిని ఇవ్వకుండుట ఉత్తమము. మూడేళ్ళ వరకు పెద్దవారు పక్కనే కూర్చొనవలెను.

పిల్లలు ఎక్కువ మోతాదులో మింగినట్లు తెలిసినచో, లేదా విపరీతమైన దాహము, వాంతులు, మగత, చికాకు, మూర్ఛ వంటివి కనబడినచో వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఈ సందర్భమున ఒక పాత అలవాటును గట్టిగా నిషేధించవలసి ఉన్నది. ఏదైనా మింగినప్పుడు కక్కించుటకు ఉప్పునీరు పట్టించుట మన పల్లెలలో కలదు. ఏ సందర్భములోను అది మంచిది కాదు. ఉప్పు ముద్ద మింగిన బిడ్డకు ఉప్పునీరు పట్టించుట ప్రాణాపాయమును రెట్టింపు చేయుట. మిగిలిన ముద్దను వెంట తీసుకొనిపోయి, ఏమేమి ఎంతెంత కలిపినదో వైద్యునికి చెప్పినచో చికిత్సకు ఉపకరించును.

ఇంటిలో కుక్క ఉన్నవారు మరింత జాగ్రత్త వహించవలెను. కుక్కలు ఈ ముద్దను ఇష్టముగా తినుట కలదు. కిలో శరీర బరువుకు సుమారు 4 గ్రాముల ఉప్పు కుక్కకు ప్రాణాంతకమని పశువైద్య గ్రంథములు పేర్కొంటున్నవి. 10 కిలోల కుక్కకు ఈ ముద్దలో మూడవ వంతు కన్న తక్కువే చాలును. ఆట ముగియగానే ముద్దను ఎత్తైన చోట పెట్టవలెను. పారవేయునప్పుడు వీధి కుక్కలకు, పశువులకు అందునట్లు బయట వేయరాదు.

ఇతర జాగ్రత్తలు

గోధుమ పడని పిల్లలు, సీలియాక్ వ్యాధి ఉన్న పిల్లలు కల చోట మైదాకు బదులు బియ్యప్పిండి, మొక్కజొన్న పిండి వాడవలెను. చేతులపై గాయములు, గజ్జి, తామర ఉన్నవారికి ఉప్పు మంట పుట్టించును. ఆటకు ముందు, తరువాత చేతులు కడుగుట నియమముగా పెట్టుకొనవలెను. బడిలో పలువురు వాడిన ముద్దను ఎక్కువ కాలము ఉంచరాదు; జలుబు, విరేచనములు ప్రబలినప్పుడు పారవేసి కొత్తది చేయవలెను. ముత్యములు, గింజలు, గుండీలు గుచ్చి అలంకరించుట పెద్ద పిల్లలకే తగును. వంటలో వాడే కొలతపాత్రలను, గరిటెలను వాడినచో వెంటనే కడిగి తుడువవలెను, ఉప్పు ఇనుమును తుప్పుపట్టించును.

బజారులో కొనేవారు ఐఎస్ఐ గుర్తు చూచి కొనవలెను. 2021 జనవరి 1 నుండి భారతదేశములో పిల్లల ఆటవస్తువులకు ఈ గుర్తు తప్పనిసరి.

ఉప్పు లేని ముద్ద

నోట పెట్టుకొను వయసు పిల్లల కొరకు ఉప్పు లేని ముద్దను చేయవచ్చును. దీనికి కొత్త వంటకము వెతుకనక్కరలేదు. ఉండ్రాళ్ళకు చేయునట్లు మరిగే నీటిలో చెంచా నూనె వేసి, బియ్యప్పిండి పోసి ఉడికించి, ఉప్పు, రవ్వ లేకుండా ముద్ద చేసినచో చాలును. బియ్యప్పిండిలో గ్లూటెన్ లేదు కనుక ఇది మైదావలె సాగదు, అంచులు పగులును. వేడిగా ఉన్నప్పుడే బాగా మర్దించినచో కొంత నయము. బెల్లపు పాకముతో చేసే చలిమిడి కూడా చేతికి చక్కగా లొంగును. పండుగలకు చలిమిడితో ప్రమిదలు చేసి దీపము పెట్టే ఆచారమే దీనికి సాక్ష్యము. ఉప్పు లేనందున ఈ ముద్దలు ఆ పూటకే పరిమితము. సాయంకాలమునకు పారవేయవలెను. గొంతులో అడ్డుపడే భయము వీటికి కూడా ఉన్నది, కనుక బిడ్డను ఒంటరిగా వదలరాదు.

ఆట

ఏడాదిన్నర, రెండేళ్ళవారు ముద్దను పొడుచుట, చరచుట, తుంచుట మాత్రమే చేస్తారు. మూడేళ్ళకు ముద్దను దొర్లించి పామును చేయుట, గుండ్రముగా చుట్టుట వచ్చును. ఈ దశలో బొమ్మ ముందు, పేరు తరువాత. చేసినదానిని చూచి అది పామో, రైలో, జంతికో నిర్ణయిస్తారు. నాలుగైదేళ్ళకు వరుస తిరుగబడి, ఏనుగును చేయుదునని చెప్పి చేస్తారు. చిటికెతో పట్టుట, బొటనవ్రేలితో నొక్కుట తరువాతి కాలములో పెన్సిలు పట్టుటకు అవసరమైన కండరములను సిద్ధపరచును.

పరికరములు కొననవసరము లేదు. అప్పడాల పీట, కర్ర, జంతికల గొట్టము, స్టీలు గ్లాసు, దువ్వెన, ఆకులు చాలును. జంతికల గొట్టము నుండి పిండి తీగలుగా దిగుట పిల్లలకు తరగని వింత. వేపాకును, రావి ఆకును ముద్దపై నొక్కి తీసినచో ఈనెలు అచ్చుపడును. పెద్దవారు తాము అందమైన బొమ్మను చేసి చూపి, దానివలె చేయుమనుట మంచిది కాదు. పిల్లవాడు తన బొమ్మను ఆ బొమ్మతో పోల్చుకొని, “నువ్వే చేసిపెట్టు” అని చేతులు కట్టుకొని కూర్చొనును.

1975 అక్టోబరు 2న ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము క్రింద నడుచు అంగన్‌వాడీ కేంద్రములలో 3 నుండి 6 ఏళ్ళ పిల్లలకు ఆటల ద్వారా విద్య నేర్పుట ఒక విధి. ఖర్చు లేని, స్థానికముగా చేసుకొనదగిన ఆటవస్తువులకు అచ్చట ప్రాధాన్యము కలదు. ఆటపిండి, బంకమట్టి రెండును ఈ కోవకు చెందినవే.

నిల్వ, ఋతువులు

గాలి చొరని డబ్బాలో పెట్టి, వీలైనచో ఫ్రిజ్‌లో ఉంచినచో వండిన ముద్ద నెల దినములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి నిలుచును. రాయలసీమ, తెలంగాణ ఎండలలో మూత తీసి ఉంచిన ముద్ద గంటలో పైపొర కట్టును. తడిగుడ్డ కప్పి ఆడుకొనవలెను. కోస్తాలో వర్షాకాలమున దీనికి విరుద్ధముగా జరుగును. గాలిలో తేమ 75 శాతము దాటినప్పుడు ఉప్పు తేమను పీల్చుకొని చెమర్చును కనుక ముద్ద జిడ్డుగా, బంకగా మారును. అట్టి దినములలో ఒక చెంచా మైదా అదనముగా వేయవచ్చును. బూజు గాని, పులిసిన వాసన గాని కనబడినచో ఆ భాగము తీసివేసి వాడుట కాక మొత్తము పారవేయవలెను. తివాచీకి, బట్టలకు అంటినదానిని తడిగా ఉండగా రుద్దక, ఎండనిచ్చి దులిపి, చల్లని నీటితో కడుగవలెను.

ఎండబెట్టిన బొమ్మలు

దాచుకొనదగిన బొమ్మలకు నూనె, నిమ్మరసము లేకుండా 2 కప్పుల మైదా, 1 కప్పు ఉప్పు, 1 కప్పు నీరు కలిపిన గట్టి ముద్ద కావలెను. జర్మనీ మొదలగు దేశములలో దీనితో క్రిస్మస్ అలంకారములు చేయు వాడుక కలదు. అచ్చట పొయ్యి పెట్టెలో తక్కువ వేడిపై గంటల తరబడి ఆరబెడతారు. మనకు వేసవి ఎండయే చాలును. అయితే మొదటి దినము నీడలో ఉంచి, తరువాత ఎండలో పెట్టి, రోజుకొకసారి తిరగవేయవలెను. నేరుగా ఎండలో పెట్టినచో పైభాగము ముందు ఆరి పగులును. వ్రేలి మందము కంటె లావుగా చేయరాదు. ఆరిన పిదప రంగు వేసి బొమ్మల కొలువులో కూడా నిలుపుకొనవచ్చును. వర్షాకాలములో ఇవి తేమ పీల్చి మెత్తబడును, చీమలు పట్టును.

అభిప్రాయభేదములు

తినే పిండిని ఆటకు వాడుట తగునా అను విషయమున ఏకాభిప్రాయము లేదు. అన్నమును పరబ్రహ్మ స్వరూపముగా భావించు ఇళ్ళలో పెద్దవారు దీనికి అభ్యంతరము చెప్పుట సహజము. ఆకలి ఎరిగిన పిల్లలు చదివే బడిలో కిలోల కొద్ది మైదాను ఉప్పులో కలిపి పారవేయుట సబబు కాదని భావించే ఉపాధ్యాయులు ఇతర దేశములలో కూడా ఉన్నారు. ఒక కప్పు పిండి నెల దినముల ఆటకు సరిపోవునని, ప్లాస్టిక్ బొమ్మ కంటె ఇది చవుకయని మరికొందరి వాదన. పురుగు పట్టి జల్లించినదో, గడువు దాటినదో అగు పిండిని వండే పద్ధతిలో వాడుట మధ్యేమార్గము. బూజు పట్టిన పిండి మాత్రము పనికిరాదు. బంకమట్టి దొరికే ఊరిలో దానిని జల్లించి, రాళ్ళు, గాజు పెంకులు ఏరి, నానబెట్టి ఇచ్చినచో ఈ ప్రశ్నయే రాదు. మట్టికి ఖర్చు లేదు, ఉప్పు భయము లేదు, ఎండిపోయినచో నీరు చల్లి మరల ముద్ద చేసుకొనవచ్చును.